అడ్వెంచర్ బండి కొనేముందు ఏ కోరిక కొట్టేయాలి?

బరువు 180 కిలోలు దాటకూడదు. రెండు కాళ్లూ నేలకు ఆనాలి. అయినా అడుగున రాయి తగలకూడదు. ట్యాంకు నింపితే 500 కిలోమీటర్లు రావాలి. హైవే మీద వందలో పోతుంటే చేతులు తిమ్మిరెక్కకూడదు. వెనక కూర్చున్న మనిషి నడుం నొప్పి అనకూడదు. చిన్న ఊళ్లో మెకానిక్ కూడా చెయ్యి పెట్టగలగాలి. ధర మూడు లక్షల లోపే ఉండాలి.

మిడ్‌సైజ్ అడ్వెంచర్ బండి, అంటే తారు మీదా మట్టి దారిలోనూ పోయే మధ్యరకం మోటారు సైకిల్, తీసుకుందామని సలహా అడిగినవాళ్ల కోరికలన్నీ ఒక కాగితం మీద రాస్తే అటూ ఇటుగా ఇదే చిట్టా. విడివిడిగా చూస్తే ఒక్కటీ గొంతెమ్మ కోరిక కాదు. కలిపి చూస్తేనే చిక్కు. అడుగు ఎత్తు పెంచితే సీటూ పైకి పోతుంది. ట్యాంకు పెంచితే బరువు పెరుగుతుంది. రెండో సిలిండర్ పెడితే వణుకు తగ్గుతుంది, బిల్లు పెరుగుతుంది. సస్పెన్షన్ మెత్తగా, పొడుగ్గా పెడితే గుంతల్లో హాయి, బ్రేకు కొట్టినప్పుడు ముందుకు ముక్కు దించుతుంది.

అందుకే "అన్నా, ఏ బండి మంచిది?" అని ఎవరైనా అడిగితే, ఈ చిట్టాలో ఏ లైను కొట్టేస్తావు అని ఎదురు అడుగుతాను. అది తేలేదాకా షోరూంకి వెళ్లొద్దంటాను. వెళ్తే ఆ రోజు ఏ బండి ముందు లైట్లు ఎక్కువ వేశారో అదే నచ్చుతుంది.

ఎవరి మిడ్‌సైజ్?

యూరప్‌లో, అమెరికాలో ఈ మాటకు అర్థం 650 నుంచి 900 సీసీ. యమహా టెనెరే 700, ఏప్రిలియా టువరెగ్ 660, హోండా ట్రాన్సాల్ప్ 750 ఆ జాతివి. మన దగ్గర 300 నుంచి 450 సీసీ మధ్య ఉన్నవే మిడ్‌సైజ్. ఆ రుచి మనవాళ్లకు అలవాటు చేసింది 2016లో వచ్చిన మొదటి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్. 411 సీసీ, దాదాపు 24.5 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి, ఐదు గేర్లు. పరుగు తక్కువే, కానీ దేనికీ తొణకదు. 2020లో కేటీఎం 390 అడ్వెంచర్ వచ్చాక పరుగు రుచి కూడా తగిలింది. 2023 నవంబరులో హిమాలయన్ 450, 2025లో కొత్త 390 అడ్వెంచర్, హీరో ఎక్స్‌పల్స్ 210, అక్టోబరులో టీవీఎస్ అపాచీ ఆర్‌టీఎక్స్ 300. పదేళ్ల కిందట బుల్లెట్ మీద లద్దాఖ్ పోయినవాడికి ఇన్ని దారులు లేవు.

అసలు బండి కంటే ముందు చూడాల్సింది ఒక గీత. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. అంతకుముందు కింద 28, పైన సెస్సుతో కలిపి 31 ఉండేది. అంటే రెండింటి మధ్య తేడా 3 నుంచి ఒక్క దెబ్బకు 22 అయింది. 2.69 లక్షలకు మొదలైన హిమాలయన్ 450 మూడు లక్షలు దాటింది ఈ గీత పుణ్యమే. ఇన్సూరెన్సులోనూ అదే 350 దగ్గర గీత ఉంది: కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 150 నుంచి 350 సీసీ దాకా 7,365 రూపాయలు, ఆపైన 15,117. లైఫ్ ట్యాక్సు వీటికి అదనం. ఆర్‌టీఎక్స్ 299 సీసీ దగ్గర ఆగింది. 1.99 లక్షలకు మొదలవడానికి ఆ అంకె చాలా సాయం చేసింది. కాబట్టి "మూడు లక్షల లోపు" అన్న లైను కొట్టేయలేనివాళ్లకు దాదాపు సగం జాబితా ఇక్కడే తేలిపోతుంది.

బరువు, సీటు ఎత్తు: ఇక్కడ కాస్త ఆగాలి

ఒకసారి వానాకాలంలో మారేడుమిల్లి దాటాక తారు వదిలి మట్టి దారిలోకి దిగాను. మలుపులో ముందు చక్రం జారింది, బండి ఎడమ పక్కకు మెల్లగా పడుకుంది. దెబ్బ తగల్లేదు. పడటం కష్టం కాదని, లేపడం కష్టమని ఆ పూట తెలిసింది. వెనక రెండు సంచులు, నిండు ట్యాంకు, కాలి కింద జారే బురద. మూడుసార్లు ప్రయత్నించి రాయి మీద కూలబడ్డాను. పశువులు తోలుకొస్తున్న ఒక పెద్దాయన కర్ర చెట్టుకి ఆనించి వెనక క్యారియర్ పట్టుకున్నాడు, లేచింది. వెళ్తూ వెళ్తూ ఒకటే అడిగాడు: "ఇంత బరువుది ఈ దారిలోకి ఎందుకు తెచ్చావయ్యా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

కాగితం మీద అంకెలు ఇలా ఉన్నాయి. ఎక్స్‌పల్స్ 210 బరువు 170 కిలోల లోపు. ఆర్‌టీఎక్స్ 180. కొత్త 390 అడ్వెంచర్ 183. హిమాలయన్ 450 బరువు 196. పది, పదిహేను కిలోలే కదా అనిపిస్తుంది. తారు మీద అది నిజమే, గంటకు ముప్పై దాటాక బరువు ఎక్కడికో మాయమవుతుంది. అది మళ్లీ కనిపించేది ఆగినప్పుడు, ఇసుకలో, అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు మీద బండి వెనక్కి తోస్తున్నప్పుడు. కంపెనీ చెప్పే బరువు ఎలా తూచారో కూడా అడగండి. కొందరు పెట్రోలు లేకుండా చెబుతారు, కొందరు ట్యాంకు 90 శాతం నింపి చెబుతారు. లీటరు పెట్రోలు ముప్పావు కిలో చొప్పున, 17 లీటర్లంటే పన్నెండున్నర కిలోలకు పైమాటే. ఆపైన క్రాష్ గార్డు, అడుగున ఇనుప ప్లేటు, సంచుల ఫ్రేము తగిలిస్తే ఇంకో పదిహేను. 196 అని కొన్న బండి దారిలోకి దిగేసరికి 210 దాటిపోతుంది.

సీటు ఎత్తు దగ్గర అంకెలు ఇంకా మోసం చేస్తాయి. హిమాలయన్ 825 మిల్లీమీటర్లు, 845కి పెంచుకోవచ్చు, తక్కువ సీటు వేయించుకుంటే 805కి దిగుతుంది. 390 అడ్వెంచర్ 830, ఆర్‌టీఎక్స్ 835. అంకెల్లో అన్నీ ఒకటే ఊరివాళ్లలా ఉన్నాయి. కూర్చుంటే తెలుస్తుంది తేడా. సీటు ముందు భాగం సన్నగా ఉంటే కాళ్లు తిన్నగా దిగుతాయి, వెడల్పుగా ఉంటే పక్కకు చాచాల్సి వస్తుంది, అంత ఎత్తూ వృథా అవుతుంది. సస్పెన్షన్ మెత్తగా ఉన్నది మీ బరువుకి కిందకి దిగుతుంది, గట్టిగా ఉన్నది దిగదు. ఐదడుగుల నాలుగంగుళాల అమ్మాయి హిమాలయన్‌ని హాయిగా నడపడం చూశాను, ఐదడుగుల ఎనిమిదంగుళాల కుర్రాడు అదే బండి మీద సిగ్నల్ దగ్గర తడబడటమూ చూశాను.

రెండు కాళ్లూ పూర్తిగా ఆనాలన్న లైను చాలామంది కొట్టేయొచ్చు. ఒక కాలు గట్టిగా ఆని, రెండోది గేరు మీద ఉంటే చాలు. కొట్టేయకూడనిది ఇంకోటుంది: ఒంటరిగా లేపగలగడం. ఎలా లేపాలో ముందే నేర్చుకోండి. బండి గేరులో ఉండాలి. కుడివైపు పడితే ముందే సైడు స్టాండు దింపి పెట్టాలి. హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, సీటుకి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక ఫ్రేము పట్టుకుని కాళ్ల బలంతో వెనక్కి నడవాలి. నడుంతో లేపబోతే బండి లేవదు, మనం మంచమెక్కుతాం. స్నేహితుడి పాత బండిని గడ్డి మీద పడుకోబెట్టి ఒకసారి ప్రయత్నించండి. లేపలేకపోతే ఆ బరువు మీది కాదు.

చక్రం సైజు

ముందు చక్రం 21 అంగుళాలా, 19 అంగుళాలా? షోరూంలో ఎవరూ సరిగ్గా చెప్పరు. రోజూ బండి తీరు మార్చేది ఇదే. పెద్ద చక్రం గుంత అంచును తక్కువ కోణంలో తాకుతుంది కాబట్టి దొర్లుకుంటూ దాటేస్తుంది. చిన్న చక్రం గుంతలో పడి లేస్తుంది. బదులుగా 21 అంగుళాల చక్రం ఘాట్ రోడ్డు మలుపుల్లో కాస్త మొండి, తిప్పడానికి ఒక క్షణం ముందే చెప్పాలి. టైరు కూడా సన్నం కాబట్టి తడి తారు మీద బ్రేకు నమ్మకం తగ్గుతుంది.

ఇప్పుడు మీ దారులు గుర్తు చేసుకోండి. అరకు ఘాటు తారే. లంబసింగి తారే. నల్లమల మధ్యలోంచి శ్రీశైలం పోయేదీ తారే. గండికోట, హార్స్‌లీ హిల్స్, అనంతగిరి, లక్నవరం, అన్నిటికీ తారు పడింది. మనం అడ్వెంచర్ అని పిలుచుకునే దాంట్లో తొంభై పాళ్లు తారు, మిగిలింది చెడిపోయిన తారు. దానికి 19 అంగుళాల చక్రం చాలు, చాలామందికి అదే మేలు. ఆర్‌టీఎక్స్, 390 అడ్వెంచర్ ఎక్స్ రెండూ 19 ముందు, 17 వెనక, రెండూ అల్లాయ్ చక్రాలే.

నిజంగా మట్టిలోకి పోయేవాళ్లకు సంగతి వేరు. హిమాలయన్, మామూలు 390 అడ్వెంచర్ రెండూ 21 ముందు, 17 వెనక, పుల్లల (స్పోక్) చక్రాలు. ఎక్స్‌పల్స్ 21 ముందు, 18 వెనక. ఆ వెనక 18కి ఒక అర్థముంది: గట్టి పళ్లున్న మట్టి టైర్లు ఎక్కువగా ఆ సైజులోనే దొరుకుతాయి. టెనెరే, ట్రాన్సాల్ప్, టువరెగ్ మూడూ 18 పెట్టింది అందుకే.

పుల్లల చక్రం రాళ్లకు వంగుతుంది, విరగదు. అల్లాయ్ గట్టి దెబ్బకు పగులుతుంది. కానీ పుల్లల చక్రంలో ట్యూబు ఉంటే తుమ్మముల్లు దిగిన రోజు మన సహనానికి పరీక్షే. ట్యూబ్‌లెస్ అయితే ఐదు నిమిషాల్లో పురి దోపి పోవచ్చు, ఇప్పుడు ఏ ఊరి పంక్చర్ షాపులోనైనా ఆ పని చేస్తారు. ట్యూబు అయితే చక్రం ఊడదీయాలి, ఈ బండ్లకు సెంటర్ స్టాండు లేకపోతే రాయి వెతకాలి. హిమాలయన్‌కి మొదట్లో ట్యూబు చక్రాలే వచ్చాయి, ట్యూబ్‌లెస్ పుల్లల చక్రాలు 2024లో అందాయి. పాతది సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లు ఈ తేడా బేరంలో పెట్టుకోండి.

మన నేలకే చెందిన ఒక తిప్పలు కూడా చెప్పాలి. ఆదిలాబాద్ పత్తిచేల దారిలోనో, కర్నూలు పక్క పొలాల్లోనో తడిసిన నల్లరేగడిలో పోతే మట్టి టైరుకి, మడ్‌గార్డుకి మధ్య కూరుకుపోయి చక్రం తిరగడమే మానేస్తుంది. ఏ కొండల మీద పరీక్షించిన బండైనా ఇక్కడ పుల్ల పట్టుకుని గోకాల్సిందే. కొనేముందు ముందు టైరుకి, మడ్‌గార్డుకి మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి.

ట్యాంకు లెక్క

మనాలి నుంచి లేహ్ పోయే దారిలో తాండి దగ్గర పెట్రోలు బంకులో ఒక బోర్డు ఉంటుంది: తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో. ఆ బోర్డు పక్కన ఫొటో దిగని రైడర్ లేడు. ట్యాంకు ఎంత ఉండాలన్న వాదనంతా ఆ ఒక్క బోర్డు చుట్టూనే తిరుగుతుంది. లీటరుకు 28 వేసుకుంటే హిమాలయన్ 17 లీటర్లకు 476 కిలోమీటర్లు. 390 అడ్వెంచర్ 14.5 లీటర్లకు 406. ఆర్‌టీఎక్స్ 12.5 లీటర్లకు, మైలేజీ 30 అనుకున్నా 375, అంటే తాండి లెక్కకు అంచు మీద నడక. ఎక్స్‌పల్స్ ట్యాంకు 13 లీటర్లే అయినా తాగేది తక్కువ.

కానీ తాండి మీ జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది? ఒకసారి, రెండుసార్లు. ఆ రెండు రోజులకు ఐదు లీటర్ల క్యాన్ కట్టుకుంటే సరి. హైదరాబాద్, విజయవాడ మధ్య బంకు లేని ఇరవై కిలోమీటర్లు వెతికినా దొరకవు. "500 కిలోమీటర్ల ట్యాంకు" చిట్టాలో అందరికంటే సులభంగా కొట్టేయగల లైను.

ఇంజను

అంకెలు చెప్పేసి ముందుకు పోదాం. హిమాలయన్ 452 సీసీ, 40 పీఎస్, 5,500 ఆర్పీఎం దగ్గర 40 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం). కేటీఎం 399 సీసీ, 46 పీఎస్, 6,500 దగ్గర 39. ఆర్‌టీఎక్స్ 36 పీఎస్, 28.5 న్యూటన్ మీటర్లు. ఎక్స్‌పల్స్ 24.6 పీఎస్, 20.7. అన్నీ ఒకే సిలిండర్, నీటితో చల్లబడేవి, ఆరు గేర్లవి.

హిమాలయన్‌కీ కేటీఎంకీ టార్క్ దాదాపు ఒకటే, అది అందే చోటు వెయ్యి ఆర్పీఎం తేడా. ఈ తేడా చదివేటప్పుడు చిన్నది. రెండు సంచులు, వెనక మనిషి, ముందు లారీ ఉన్న ఘాట్ మలుపులో గేరు మార్చాలా వద్దా అన్నది తేల్చేది అదే. హిమాలయన్ లాగేస్తుంది, కేటీఎం ఒక గేరు తగ్గించమంటుంది, తగ్గిస్తే ఎగిరిపోతుంది. ఎగిరిపోవడం మీకు ఇష్టమా, విసుగా అన్నది మీ స్వభావం. మా బాబాయి లాంటి వాళ్లకు మూడో గేరులో పడేసి కబుర్లు చెప్పుకుంటూ పోయే బండి కావాలి. ఆయనకి కేటీఎం ఇప్పించడం పాపం.

ఎత్తుకి పోయినప్పుడు ఇంకో కోత ఉంది. గాలిని లోపలికి కూరే టర్బో లేని ఇంజనుకి గాలి ఎంత పలచబడితే శక్తి అంత తగ్గుతుంది. లద్దాఖ్‌లో 19,024 అడుగుల ఉమ్లింగ్ లా కనుమ దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదానికి దాదాపు సగం. పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ వ్యవస్థ దాన్ని తగ్గించి సర్దుకుంటుంది, లేని గాలిని మాత్రం పుట్టించలేదు. అక్కడ 40 పీఎస్ ఇరవైకి దగ్గరపడుతుంది, 24 పన్నెండుకి. ఒంటరిగా ఎక్స్‌పల్స్ మీద పోయేవాళ్లున్నారు, హాయిగానే పోతారు. ఇద్దరు, సామాను అంటే ఆ పన్నెండు మూలుగుతాయి.

మరి 90 పీఎస్ కావాలని అడిగేవాళ్ల సంగతి? మన దేశంలో నాలుగు వరసల హైవే మీద మోటారు సైకిళ్లకు 2018 నుంచి ఉన్న గరిష్ఠ వేగం 80. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారిలోకి టూ వీలర్లను రానివ్వరే రానివ్వరు. వేగం కోసం ఈ జాతి బండి కొనడమంటే పెళ్లి పట్టుచీర పొలానికి కట్టుకెళ్లడం.

ఒకే సిలిండర్ బండ్లన్నిటికీ వందకు దగ్గరపడేసరికి హ్యాండిల్లో, ఫుట్‌రెస్టులో సన్నని వణుకు ఉంటుంది. గంట తర్వాత వేళ్లకు తెలుస్తుంది. అది భరించలేనివాళ్లకు రెండు సిలిండర్లే మందు, ఆ మందు ఖరీదు. 2024 జనవరిలో వచ్చిన హోండా ఎన్ఎక్స్500 ధర అప్పట్లో 5.90 లక్షలు. 471 సీసీ, 47.5 పీఎస్, బరువు హిమాలయన్ అంతే, 196. నున్నగా పోతుంది, 17 లీటర్లకు పైగా ట్యాంకు. రాళ్లలోకి మాత్రం తీసుకెళ్లొద్దు, అది అందుకు పుట్టలేదు.

ఆ 47.5 అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే ఒక సరదా తెలుస్తుంది. యూరప్‌లో, బ్రిటన్‌లో ఏ2 లైసెన్సు ఉన్నవాళ్లు 35 కిలోవాట్లు దాటిన బండి నడపకూడదు. అంటే 47.6 పీఎస్. అందుకే ఇంత శక్తి చాలు అని ప్రపంచమంతా ఒక్కచోటే ఆగుతున్నట్టు కనిపిస్తుంది. 2025 నవంబరులో మిలన్ ప్రదర్శనలో బీఎండబ్ల్యూ చూపించిన ఎఫ్ 450 జీఎస్ కూడా అక్కడే ఆగింది: 420 సీసీ, రెండు సిలిండర్లు, 48 పీఎస్, 178 కిలోలు, తయారీ మన పొరుగున హోసూరులో టీవీఎస్ చేతుల్లో. చిట్టాలో మొదటి లైను, వణుకు లైను రెండూ తీర్చిన బండి ఇది. ధర లైనుని ముందే కొట్టేసుకుని పోవాలి.

వెనక మనిషి, సామాను, తెరలు

చీర గార్డు మన నిబంధనల్లో ఉంది, అడ్వెంచర్ బండికి కూడా తప్పదు. సంచుల ఫ్రేము బిగించేటప్పుడు ఎడమవైపు అది అడ్డొస్తుంది. ఫ్రేము కొనేముందు గార్డుతో కలిపి సరిపోతుందో లేదో బిగించి చూపించమనండి. వెనక సీటు మీద వెనక కూర్చునే మనిషినే కూర్చోబెట్టి కనీసం అరగంట తిప్పండి. షోరూం బయట ఒక చుట్టు కొట్టి "బాగుంది" అంటే దానికి విలువ లేదు.

ఎలక్ట్రానిక్స్ గురించి గంటలు మాట్లాడొచ్చు, నాకంత ఓపిక లేదు. ఒక్కటే చూడండి: కంకర దారి దిగుడులో వెనక ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఆపుకునే వీలుందా, దాన్ని చేతి తొడుగులతోనే ఆపగలరా. కంకరలో వెనక చక్రం కాస్త జారి మట్టిని కూడగట్టుకుంటేనే ఆగుతుంది, ఏబీఎస్ అది జరగనివ్వదు. ముందు ఏబీఎస్ మాత్రం ఎప్పుడూ ఉండాల్సిందే. హిమాలయన్ గుండ్రటి తెరలో గూగుల్ మ్యాప్ వస్తుంది, ముచ్చటగా ఉంటుంది. ఫోన్ హోల్డరు ఐదువందలకు కూడా దొరుకుతుంది.

ఎవరు ఏది కొట్టేస్తే ఏది మిగులుతుంది

రోజూ ఆఫీసు, నెలకో ఘాట్ రోడ్డు, ఏడాదికో పొడుగు ప్రయాణం అయితే 21 అంగుళాల చక్రాన్ని కొట్టేయండి. డబ్బు చూసుకునేవాళ్లకు ఆర్‌టీఎక్స్, కొంచెం చురుకు కావాలంటే 390 అడ్వెంచర్ ఎక్స్. 2025 జనవరిలో ఎక్స్ 2.91 లక్షలకు, పెద్దన్న మామూలు 390 అడ్వెంచర్ 3.68 లక్షలకు వచ్చాయి. ఆ తేడాలో సర్దుబాటు చేసుకోగల సస్పెన్షన్, పుల్లల చక్రాలు ఉన్నాయి. సస్పెన్షన్ స్క్రూలు ఎప్పుడూ తిప్పనివాడికి ఆ డబ్బు దండగ.

మట్టిలో నడపడం నేర్చుకోవాలని నిజంగా కోరిక ఉంటే హైవే సుఖం కొట్టేసి ఎక్స్‌పల్స్ తెచ్చుకోండి. పడతారు, లేపుతారు, మళ్లీ పడతారు. తేలిక బండి మీద నేర్చుకున్నవాడు తర్వాత ఏ బండైనా నడుపుతాడు, బరువైన దాని మీద మొదలుపెట్టినవాడు భయం నేర్చుకుంటాడు. ఇక్కడ నాకు రెండో మాట లేదు.

ఇద్దరు, సామాను, స్పితి, లద్దాఖ్, తొందర లేని మనసు అంటే హిమాలయన్ 450. కొట్టేయాల్సింది తేలికదనం. ఒంటరిగా, వేగంగా, రాళ్లలోకి కూడా అంటే 390 అడ్వెంచర్, కొట్టేయాల్సింది ట్యాంకు, కొంత జేబు.

పది లక్షలు దాటి పెట్టగలిగినవాళ్లకు ఒక ఆశ్చర్యం: 2023లో సుమారు 11 లక్షలకు వచ్చిన ట్రాన్సాల్ప్ 92 పీఎస్‌కి దగ్గరగా ఉండి బరువు 208 కిలోలే, హిమాలయన్ కంటే పన్నెండే ఎక్కువ. 2024లో వచ్చిన సుజుకి వీ-స్ట్రోమ్ 800డీఈ 230 కిలోలు, 20 లీటర్ల ట్యాంకు. రెండూ మంచివే, సీట్లు మాత్రం 850, ఆపైనే. ఏప్రిల్, మే ఎండల్లో విజయవాడ ట్రాఫిక్‌లో తొడల మధ్య అంత పెద్ద ఇంజను పెట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో టెస్ట్ రైడ్ మధ్యాహ్నం రెండింటికి పెట్టించుకుంటే తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు లెక్క తిరగబడుతుంది. అక్కడ మన 450 జాతిలో ఆరువేల డాలర్ల చుట్టూ సీఎఫ్‌మోటో ఐబెక్స్ 450 దొరుకుతుంది, రెండు సిలిండర్లు, 21 ముందు, 18 వెనక. యూటా, అరిజోనాల మట్టి దారులకు కొత్తగా పోయేవాళ్లకి అది సరిపోతుంది. టెనెరే 700 అంటే మోజు పడేవాళ్లు దాని 875 మిల్లీమీటర్ల సీటెక్కి చూసి మాట్లాడండి. బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఇరవై నాలుగు నిండని పిల్లల్లో చాలామందికి ఏ2 లైసెన్సే ఇంత దాకా అని తేల్చేస్తుంది.

చివరగా ఒక ఫోన్ కాల్. బండి బుక్ చేసేముందు మీ దగ్గరి సర్వీస్ సెంటర్ స్పేర్ పార్టుల కౌంటర్‌కి ఫోన్ చేసి నాలుగు వస్తువుల పేర్లు చెప్పండి: క్లచ్ లివర్, బ్రేకు లివర్, గేరు లివర్, ఇండికేటర్. పడ్డప్పుడు మొదట విరిగేవి ఇవే. నాలుగూ ఉన్నాయంటే మంచిది. "ఆర్డర్ పెట్టాలి సార్, పది రోజులు" అంటే ఆ పది రోజులు బండి ధరలో కలుపుకోండి.

నా సంగతి అడిగితే, నేను కొట్టేసింది ట్యాంకు లైను. నూట యాభై కిలోమీటర్లకోసారి చాయ్ పడకపోతే నాకెలాగూ నడవదు, బండికి మాత్రం 500 ఎందుకు? రెండో గీత వెనక సీటు మీద పెట్టబోయాను. ఇంట్లో ఆ కాగితం చూసి పెన్ను లాక్కున్నారు.